టవరమ్మ భయం

పొద్దున్నే వీధంతా ముసలమ్మ గుమ్మం దగ్గర చేరుతుంది. అక్కడ ఫోన్లు పనిచేసేది ఆమె చుట్టుపక్కలే మరి. అసలు పేరు మరిచిపోయి అందరూ టవరమ్మ అంటారు. ఆమె చిక్కుళ్లకు ఈనెలు తీస్తుంటే, కుడి భుజం పక్కన నిలబడి టైలర్ తన చొక్కాల ఫొటోలు పట్నానికి పంపుతాడు. ఎడమపక్క చేపలావిడ ధర కనుక్కుంటుంది. ఆమె వల్ల వీధి బాగుపడింది. అబద్ధమెందుకు, నిజంగానే బాగుపడింది.

ఒక్కటే చిక్కు. టవరమ్మ నిశ్చింతగా ఉంటే సిగ్నల్ ఒక్క గీత కూడా నిలవదు. భయపడితే నాలుగు గీతలూ నిండుతాయి. అందుకని అందరూ వంతులేసుకుని ఆమెను భయపెట్టేవారు.

"లారీ బోల్తా పడిందట పిన్నీ. మీవాడిదో కాదో తెలీదు," అనేవాడు టైలర్, ఫోన్ చూసుకుంటూ. ఆమె కొడుకు లారీ డ్రైవరు. నాలుగు గీతలూ నిండేవి. ఫొటోలు పట్నం చేరేవి. "మీవాడిది కాదటలే," అని చల్లగా జారుకునేవాడు.

భయం కూడా వాడగా వాడగా అరిగిపోతుంది. ఈమధ్య లారీ అన్నా వరద అన్నా ఆమె "ఊఁ" అని ఈనె తీసి పక్కన పడేస్తోంది.

టవరమ్మ కోడలికి నొప్పులొచ్చిన రోజు వానకు వంతెన మునిగింది. ఎలాగో నర్సు ఒక్కతే వచ్చింది. బిడ్డ ఎదురుకాళ్లతో వస్తోంది. డాక్టరమ్మ వీడియోలో చూసి చెబితే తప్ప చెయ్యి వేయడానికి నర్సుకు ధైర్యం చాల్లేదు. ఫోన్‌లో ఒక్క గీతా లేదు.

టైలర్ గుమ్మంలోకి పరిగెత్తాడు. "పిన్నీ, కోడలి ప్రాణం మీదికొచ్చింది."

టవరమ్మ నవ్వింది. "ఇవాళ నీ వంతా? కాన్పన్నాక అరవకుండా ఉంటారా?"

"ఒట్టు పిన్నీ, ఈసారి నిజం."

"రోజూ ఒట్టే కదరా."

ఇన్నాళ్లూ ఆమెకు తాము పంచిపెట్టింది ఏమిటో టైలర్‌కు అప్పుడు తెలిసింది.

లోపల కోడలు అరవడం ఆపేసింది.

టవరమ్మ చేతిలో కాయ ఆగిపోయింది. ఈసారి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. గోడ పట్టుకుని లోపలికెళ్లి, పాలిపోయిన ఆ ముఖం చూసింది. నర్సు ఫోన్‌లో నాలుగు గీతలూ నిండాయి. డాక్టరమ్మ చెబుతుంటే నర్సు చేసింది. టవరమ్మ కోడలి తల ఒళ్లో పెట్టుకుని, భయం తగ్గితే ఎక్కడ ఫోన్‌లో బొమ్మ ఆగిపోతుందోనని ఇంకా భయపడింది.

ఆడపిల్ల పుట్టింది. తల్లి కళ్లు తెరిచింది. టవరమ్మ హమ్మయ్య అనుకోగానే ఫోన్ ఆగిపోయింది. ఆ తర్వాత ఎవరేం చెప్పినా ఆమె భయపడలేదు. చూడాల్సింది చూసేశాక ఇంకేం భయం?

వీధి మూగబోయింది. చొక్కాలు మడత మీదే ఉండిపోయాయి. కొన్నాళ్లకు ఒక పొద్దున పాప పాలు తాగుతూ పొలమారింది. కోడలు గాభరాగా దాన్ని గుండెకు హత్తుకుంది. బయట టైలర్ జేబులో ఫోన్ మోగింది. చేపలావిడ బుట్టలోనూ మోగింది.

అందరూ గుమ్మం దగ్గరికి వచ్చారు. టవరమ్మ చేతులు చాచి అడ్డం నిలబడింది. "నా కోడలి జోలికి రాకండి."

టైలర్ తల వంచుకున్నాడు. ఫోన్‌లో రెండు గీతలే ఉన్నాయి. టవరమ్మ భుజం మీదుగా లోపలున్న కోడలి వైపు చూశాడు.

"పాప ఒళ్లు వేడిగా ఉందేమో చూడమ్మా," అన్నాడు మెల్లగా.