చెట్ల సందులోకి ట్రైలర్

మెడ ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మా ఆయన రెయినోకి తల అటూ ఇటూ తిరగదు. నోరు మాత్రం బాగానే తిరుగుతుంది. ట్రక్కు నడపొద్దని డాక్టరు చెప్పాక కొన్నాళ్ళు ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. చివరికి ఒకరోజు తమ్ముడు ఊర్హోకి ఫోన్ చేసి, "ట్రైలర్ నువ్వే తీసుకుపోరా, ఇక మాకెందుకు" అనేశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు.

ఆ ట్రైలర్ ఆయనొక్కడి సొత్తా? ట్రక్కు వెనక తగిలించుకుని పోయే ఆ ఒంటిగది ఇంట్లో, పెళ్ళయిన నాటినుంచి ప్రతి జనవరిలో ఓ వారం, సుపీరియర్ సరస్సు ఒడ్డున ఓ క్యాంపులో ఉండి వస్తాం. వేసవిలో అక్కడంతా తిరునాళ్ళ సంత. చలికాలంలో మాత్రం పురుగు కూడా ఉండదు. ఏడాదంతా దుకాణంలో జనం గోలతో వేగే నాకు ఆ వారం నిశ్శబ్దమే ప్రాణం. దాన్ని ఊర్హో చేతిలో పెడితే నేనేమైపోవాలి?

ఫోన్ లాక్కుని, "నేను నడుపుతాను" అన్నాను.

ఊర్హో పగలబడి నవ్వాడు. "ముందుకి ఎవరైనా నడుపుతారు వదినా! దాన్ని వెనక్కి పెట్టాలి కదా, ఆ చెట్ల సందులోకి! నీవల్ల అయ్యే పనేనా?"

"పెట్టలేకపోతే ఆదివారం వచ్చి తోలుకుపో. పెడితే మాత్రం జన్మలో మళ్ళీ ఆ ఊసెత్తకు. సరేనా?"

"సరే! ఆదివారానికి ట్రక్కు కడిగి ఉంచుతా" అన్నాడు వెధవ.

దారిపొడవునా బాగానే నడిపాను. క్యాంపు దగ్గరికి వచ్చాకే అసలు భాగోతం మొదలైంది. ఇన్నాళ్ళూ వెనక నిలబడి చేతులూపే ఉద్యోగం నాది, దానికి జీతంగా తిట్లు తినడమూ నా వంతే. ఈసారి ఆయన దిగి వెనక నిలబడ్డాడు.

"ఎడమకి తిప్పవే ఐలీ! ఎడమ అంటే ఎడమ!"

"నీ ఎడమా, నా ఎడమా?"

"ట్రైలర్ ఎడమ!"

"దానికి చేతులెక్కడున్నాయయ్యా!"

ఒకసారి దారికి అడ్డంగా తిరిగింది. ఇంకోసారి మంచుగుట్టలోకి దూరింది. ఆ తర్వాత బర్చ్ చెట్టు బెరడు గీరుకుపోయింది. వేసవైతే చుట్టుపక్కలవాళ్ళు కుర్చీలేసుకుని చూసేవాళ్ళు. ఎవరూ లేనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

రెయినో కిటికీ దగ్గరికొచ్చాడు. అరుస్తాడనుకున్నాను. "పోనీలేవే, నీ తప్పేం లేదు. గేటు దగ్గరికెళ్ళి లెస్టర్‌ని పిలుచుకొస్తా, అతను పెట్టేస్తాడు. ఊర్హోకి నేను చెప్తాలే" అన్నాడు. లెస్టర్ ఆ క్యాంపు కాపలాదారు. రెయినో కాళ్ళీడ్చుకుంటూ మలుపు తిరిగి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది! ఆ జాలికి నాకు ఒళ్ళు మండిపోయింది.

ట్రక్కు దిగాను. కొత్త మంచు మీద నా నిర్వాకమంతా చక్రాల జాడల్లో అచ్చుపడి ఉంది. చుట్టూ తిరిగి చూశాను. ప్రతిసారీ ఒకే తప్పు! ట్రైలర్ వంగడం మొదలెట్టాక కూడా నేను స్టీరింగ్ పట్టుకుని వేలాడుతున్నాను. దాంతో అది మోకాలు మడిచినట్టు మడతపడుతోంది. ఓసి పిచ్చిదానా, అది వంగగానే నువ్వు దాని వెంట పోవాలి గానీ దానితో పోట్లాడతావేమే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఎడమ చక్రం ఎలా పోవాలో అలా, దారి నుంచి చెట్ల సందు దాకా బూట్లతో తొక్కుకుంటూ నడిచాను. మంచులో వంపు తిరిగిన గీత పడింది. మళ్ళీ ఎక్కి, అద్దంలో ఆ గీత తప్ప ఇంకేం చూడకుండా, అంగుళం అంగుళం వెనక్కి పోనిచ్చాను. వంగగానే స్టీరింగ్ వదులు చేశాను. ట్రైలర్ బుద్ధిగా గీత మీద నడిచి, రెండు చెట్ల మధ్యకి వెళ్ళి నిలబడింది. స్టీరింగ్ మీద తలపెట్టి ఏడ్చేశాను, ఆ తర్వాత పిచ్చిదానిలా నవ్వాను.

అప్పుడే రెయినో ఒంటరిగా తిరిగొచ్చాడు. ట్రైలర్ చూసి, "అమ్మయ్య! లెస్టర్ గేటు దగ్గర లేడేంటా అనుకున్నా. అడ్డదారిన వచ్చి పెట్టేసి పోయాడన్నమాట" అన్నాడు.

నా తల తిరిగిపోయింది. "లెస్టరా? నేను పెట్టాను!"

"సర్లేవే, ఎవరు పెడితే ఏంటి."

"ఎవరు పెడితే ఏంటా?" ఇంజన్ స్టార్ట్ చేసి ట్రైలర్‌ని మొత్తం బయటికి, దారి మీదికి లాగేశాను. లాగాక గానీ భయం వేయలేదు. నేను తొక్కిన గీత చక్రాల కింద నలిగి, పాత జాడలన్నిటితో కలిసి, ఆనవాలు లేకుండా పోయింది. చేజేతులా కొంప ముంచుకున్నానా అనుకున్నాను.

రెయినో ఊపడానికి చేతులెత్తాడు. "జేబులో పెట్టుకో!" అని అరిచి కిటికీ అద్దం ఎక్కించేశాను. పెట్టుకున్నాడు. నోరు కూడా మూసుకున్నాడు, అదీ వింత.

వెనక్కి పోనిచ్చాను. గీత లేదు, అయినా వంపు నా చేతులకి తెలిసిపోయింది. వంగింది, వదులు చేశాను, దాని వెంట పోయాను. బర్చ్ చెట్టుకి జానెడు దూరంలోంచి సాఫీగా జరిగి, ఇందాక నిలబడ్డ చోటే నిలబడింది. దిగి తలుపు ధడాలున వేశాను. సరస్సంతా ప్రతిధ్వనించింది.

ఆయన అప్పుడు జేబుల్లోంచి చేతులు తీశాడు. లోపలికొచ్చి, నేను బఠాణీ సూపు వేడి చేస్తుంటే, ఫోన్ తీశాడు.

"ఒరే ఊర్హో, ఆదివారం రాకు. ట్రైలర్ లేదు, గీలర్ లేదు."

"ఎవరు పెట్టారన్నయ్యా? లెస్టరేగా?" ఊర్హో నవ్వు నాదాకా వినబడింది.

రెయినో తల తిప్పలేడు కదా, ఒళ్ళంతా నావైపు తిప్పి నన్ను చూశాడు.

"లెస్టర్ ఇటు రానేలేదు. మీ వదినే పెట్టిందిరా" అన్నాడు. "రెండుసార్లు పెట్టింది."