కథలు ఫెయిర్ చేసిన మనిషి

పసుపు మూత రీసైక్లింగ్ బిన్ డ్రైవ్‌వే మీద బోర్లా పడి ఉంది. దుర్గేష్ సభకని వేసుకున్న నల్ల కోటుతోనే మోకాళ్ల మీద కూలబడి, పాల సీసాల మధ్య కాగితాలు ఏరుతున్నాడు. వెల్లింగ్టన్ శివారు జాన్సన్‌విల్ గాలి ఊరుకుంటుందా, ఏరినవాటిలో సగం పక్కింటి కంచె మీదికి ఎగరగొట్టింది.

"నీలం ఫైలు, నిహారికా. కాళ్లొచ్చి నాన్న సొరుగులోంచి నడిచి వెళ్లిపోదు కదా."

"సొరుగు నేను ముట్టుకోలేదండీ. పాత పేపర్లు మాత్రమే వేశాను."

"నాన్న రాసినవి నీకు పాత పేపర్లేగా."

నిహారిక భర్త వంక చూడకుండా, కంచెకు చిక్కుకున్న కాగితాలు తియ్యడానికి వెళ్లింది.

ఇంకో గంటలో కమ్యూనిటీ హాల్లో దుర్గేష్ తండ్రి బాలసుబ్రహ్మణ్యం గారి స్మారక సభ. ఆయన పోయి పన్నెండు రోజులు. 'ప్రియమైన భర్త, తండ్రి, తాతయ్య' అని ఆహ్వానం మీద అచ్చు వేయించారు. వెల్లింగ్టన్ తెలుగువాళ్లకు మాత్రం ఆయన పద్నాలుగేళ్లు ఆదివారం రేడియోలో కథ చదివిన గొంతు. ఆ కథల్ని పుస్తకంగా వేస్తామని దుర్గేష్ ఇవాళ ప్రకటించాలి, రాతప్రతి ఫైలు అందరికీ చూపించాలి.

దుర్గేష్ తల్లి సుభద్ర వంటింటి కిటికీలోంచి ఇదంతా చూస్తూ పులిహోర ట్రేలకు ఫాయిల్ చుడుతోంది. ఫైలు ఆమె వెనకాలే, బియ్యం డబ్బాలో ఉంది. మొన్న తనే తీసి పెట్టింది.

పెట్టి ఏం చెయ్యాలో ఆలోచించుకోలేదు. ఆ సాయంత్రం కొడుకు లాప్‌టాప్ తిప్పి అట్ట బొమ్మ చూపించాడు. రచన: బాలసుబ్రహ్మణ్యం. "లోపల నీకూ థాంక్స్ వేశామమ్మా, ఫెయిర్ కాపీ చేసినందుకు" అన్నాడు ఎంతో ప్రేమగా. ఆమె నవ్వింది. ఇల్లు సద్దుమణగగానే వెళ్లి సొరుగు లాగింది.

ఆ కథలు ఒక్కటీ ఆయనవి కావు. మనవరాలిని చూసుకోవడానికి ఈ దేశం వచ్చిన కొత్తలో, ఉద్యోగం లేని మనిషి రోజంతా సోఫాలో గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. రేడియోలో అరగంట తెలుగు చదివే మనిషి కావాలంటే, పసిదాన్ని ఒళ్లో వేసుకుని రాసుకున్న కథొకటి ఆమే ఆయన చేతిలో పెట్టింది. చదివాక అక్కడివాళ్లు "మీరే రాశారా సార్?" అని అడిగారు. "మా ఆవిడ ఫెయిర్ చేసి పెట్టింది" అని ఆయన నవ్వాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేకపోయాడు. "వచ్చేవారం చెప్పేస్తాను సుభద్రా" అన్నాడు. ఆ తర్వాతి వారమూ అదే మాట. తర్వాత ఆ మాటా మానేశాడు. ఆమె మాత్రం చారు మరిగేలోపు ఒక పేరా, బట్టలు మడతపెడుతూ ఒక మాట, రాస్తూనే ఉంది. ఆయన ఆ కాగితాలు ముందేసుకుని చదివి చూసుకుంటుంటే, "నాన్నగారు రాసుకుంటున్నారు, టీవీ తగ్గించు" అని కొడుకు ఆమెకే చెప్పేవాడు.

అయినా ఆయన మీద కోపం ఎన్నడూ పూర్తిగా రాలేదు. ప్రతి ఆదివారం చదవడం అయ్యాక కారు స్టార్ట్ చెయ్యకుండా, పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా ఆమె మొహంలోకి చూసేవాడు. "సరిగ్గా చదివానా?" "మూడో పేజీలో తొందరపడ్డారు." "అవును, పడ్డాను." వాళ్లిద్దరికే తెలిసిన ఆ కాసేపటి కోసం ఆమె మిగతాదంతా వదులుకుంది. ఇప్పుడు దండ వేసిన ఫొటో ముందు ఆ మనిషి పరువు తియ్యడానికి మనసెలా ఒప్పుతుంది?

"నానమ్మా." మనవరాలు శరణ్య ఫోన్ పట్టుకుని వచ్చింది. తెలుగు చదవడం రాని పిల్ల. "ఫైలు పోకముందు తాతయ్య పేజ్ ఒకటి ఫొటో తీశాను. ఇది ఫెయిర్ కాపీ అయితే ఇన్ని కొట్టివేతలు ఎందుకున్నాయి?"

సుభద్ర ఫాయిల్ అంచు మడిచింది. "ట్రే కార్లో పెట్టు తల్లీ."

పిల్ల కదల్లేదు. అంతలో నిహారిక లోపలికొచ్చి సింక్ దగ్గర చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరక్కుండానే అంది. "నేనే పడేశానేమో అత్తయ్యా. గుర్తు లేదంతే. సారీ చెప్పేస్తే ఆయన శాంతిస్తారు. సభ జరిగిపోతుంది."

చెయ్యని తప్పు ఎంత సులువుగా నెత్తినేసుకుంది. సుభద్రకు ఆ గొంతు బాగా తెలుసు. పద్నాలుగేళ్లుగా తన లోపల వినిపించే గొంతే అది. కోడలు బయటికి వెళ్లాక బియ్యం డబ్బా మూత తీసింది.

హాలు నిండిపోయింది. దుర్గేష్ మైకు పట్టుకున్నాడు. "మా ఇంట్లో చిన్న పొరపాటు జరిగింది. నాన్న కథలు రీసైక్లింగ్‌లో పోయాయి." చూపులన్నీ నిహారిక మీదికి మళ్లాయి. "కోడలన్నాక చూసుకోవద్దూ?" వెనక వరసలో ఎవరో అన్నారు. నిహారిక తల వంచుకుంది.

సుభద్ర లేచింది. సంచిలోంచి నీలం ఫైలు తీసి బల్ల మీద పెట్టి, కొడుకు చేతిలోంచి మైకు అందుకుంది.

"నిహారిక పారెయ్యలేదు. నేను దాచాను. ఇవి ఫెయిర్ కాపీలు కావు, ఇవే అసలువి. కథలు నేను రాశాను."

"అమ్మా, కూర్చో, ప్లీజ్" అన్నాడు దుర్గేష్ చిన్నగా.

"చాలాసేపు కూర్చున్నాను నాన్నా."

ముందు వరసలో విద్యాసాగర్, ఆమె భర్త ప్రాణస్నేహితుడు, మెల్లగా అడిగాడు. "మరి ఇన్నేళ్లూ మీ పేరు మాకు తెలియనివ్వనిది ఎవరు వదినగారూ?"

సుభద్ర ఫొటో వైపు చూసింది. నలభై తొమ్మిదేళ్ల కాపురంలో ఏవండీ అంది, మావారు అంది, దుర్గేష్ వాళ్ల నాన్న అంది. పేరు పెట్టి ఒక్కసారీ అనలేదు.

"మంచి మనిషి. నాకు చాలా ఇష్టమైన మనిషి." నీలం ఫైలు తన వైపుకు జరుపుకుంది. "బాలసుబ్రహ్మణ్యం."