సీలు విప్పని ఫోను

నాది పాము పగ. ఈ మాట మా అక్క అంటుంది. తిట్టడానికే అంటుంది గానీ నేను పొగడ్తగా తీసుకుంటాను. ఒసారెటిన్ అనేవాడు నా పేరు మట్టిపాలు చేసినప్పుడు ఈ లేగోస్ నగరం మొత్తం మీద నా వైపు మాట్లాడిన నోరు ఒక్కటి లేదు. అందుకని పగను కూడా నేనొక్కదాన్నే, ఎవరి సాయమూ లేకుండా పెంచుకున్నాను.

నా పేరు ఇబినాబో. ఒక దినపత్రికలో ఫోన్లు, కంప్యూటర్ల వార్తలు రాసేదాన్ని. ఆ మధ్య బెంటా నైన్ అని చవక ఫోను ఒకటి వచ్చింది. చూడ్డానికి సోకుగా ఉంటుంది, ఊరు ఊరంతా ఎగబడి కొన్నారు. కొన్నాళ్ళకు ఇకేజాలో ఉన్న ఫోన్ల బజారు, కంప్యూటర్ విలేజ్‌లో ఫోన్లు బాగుచేసేవాళ్ళ బల్లల మీద ఆ ఫోన్లే వరసగా పొట్టలు ఉబ్బి కనిపించసాగాయి. లోపల బ్యాటరీ ఉబ్బి వెనక అట్ట లేచిపోతోంది. ముషిన్‌లో ఒక టైలరమ్మకు దిండు కింద పెట్టుకున్న ఫోను అంటుకుని చెవి, చెంప కాలిపోయాయి. ఆవిడ మంచం పక్కన కూర్చుని మాట్లాడాను. బాగుచేసేవాళ్ళతో మాట్లాడాను. కంపెనీ వాళ్ళని అడిగితే ఉలుకూ పలుకూ లేదు. అదంతా రాసి, ఈ ఫోను ఉన్నవాళ్ళు దాన్ని పడక దగ్గర పెట్టుకోవద్దని హెచ్చరించాను.

ఒసారెటిన్ విలేఖరి కాడు. కెమెరా ముందు కూర్చుని ఫోన్ల మీద తీర్పులు చెబుతాడు. జనం వాణ్ణి చీఫ్ అంటారు. వాడు మంచిదంటే మంచిది, చెత్తంటే చెత్త. నా రిపోర్టు వచ్చిన రోజే వాడు తోలు కుర్చీలో వెనక్కి వాలి, చల్లటి మాల్టు పానీయం సీసా పట్టుకుని వీడియో చేశాడు. అందులో వాడన్న మాటలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "ఈ అక్కయ్యకి ఎవరు కవరిచ్చారో కనుక్కోండి. నేనూ ఇదే ఫోను వాడుతున్నా, నా జేబు కాలిందా? పేపర్లు ఎవడూ కొనట్లేదు పాపం, అందుకని ఇలా మంటలు పెట్టుకుని చలి కాచుకుంటున్నారు."

కవరంటే ఏమిటో ఇక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు. కంపెనీవాళ్ళ సభకు వెళితే దారిఖర్చులంటూ విలేఖరుల చేతిలో పెట్టేది. పుచ్చుకోనివాళ్ళని పిచ్చివాళ్ళంటారు. నేను ఆ పిచ్చిదాన్నే. నాతోటివాళ్ళు నన్ను చూసి నవ్వుకునేవాళ్ళు. అలాంటి నా ఫోటో నుదుటి మీద గోధుమరంగు కవరు అతికించి దేశమంతా తిప్పారు. దొంగ, అమ్ముడుపోయిన ముండ, పెళ్ళికాని కడుపుమంట, ఒకటా రెండా. చర్చిలో పాటల బృందంలో నా పక్కన నిలబడేవాళ్ళు కూడా దూరం జరిగారు. కంపెనీ నోటీసు పంపగానే మా ఎడిటరు గజగజలాడిపోయి రిపోర్టును ప్రస్తుతానికి తీసేస్తున్నామన్నాడు. ఆ ప్రస్తుతం ఇంకా అవలేదు. రిపోర్టు పోయింది, దానితో నా ఉద్యోగమూ పోయింది. బెంటా నైన్ మాత్రం దుకాణాల్లో నిక్షేపంగా అమ్ముడుపోతోంది.

నాకు ఉద్యోగం పోయిందని ఏడుపు లేదు. ఆ రిపోర్టు మళ్ళీ జనం ముందుకు రావాలి, అబద్ధమన్న నోటితోనే అది బయటికి రావాలి. నాకు కావలసింది అదొక్కటే. దానికోసం గోతికాడ నక్కలా కూర్చున్నాను. సొంతంగా ఒక పేజీ పెట్టుకుని ఫోన్ల గురించి రాసుకునేదాన్ని. చదివేది మా అక్క. అది కూడా సగం చదివి నిద్రపోయేది.

నక్క ఓపిక ఊరికే పోలేదు. లూమెరా అనే కంపెనీ కొత్త ఫోను తెచ్చింది. పరీక్షించి రాయడానికి ఇక్కడివాళ్ళకు తలా ఒక ఫోను ఇచ్చేంత దయ పెద్ద కంపెనీలకు ఎప్పుడూ లేదు. ఒకే ఒక ఫోను పంపుతారు. అది ఒకరి దగ్గర కొన్నాళ్ళు ఉండి, మోటారుసైకిలు మీద ఇంకొకరి ఇంటికి వెళుతుంది. పెళ్ళికి అరువు తెచ్చుకున్న నగలా ఊరంతా తిరుగుతుంది. మొదటి వంతు తనదేనని చీఫ్ పట్టుబట్టి తీసుకున్నాడు. రెండో వంతు కోసం అడిగినవాళ్ళు లేక నాకిచ్చారు.

వాడి వీడియో ముందే వచ్చేసింది. రెండు వారాలు ఇదే తన సొంత ఫోనన్నాడు. థర్డ్ మెయిన్‌ల్యాండ్ వంతెన మీద బళ్ళు ఆగిపోయి గంటలకొద్దీ ఇరుక్కున్నా బ్యాటరీ చెక్కుచెదరలేదన్నాడు. ఎండలో కాస్త వేడెక్కుతుందన్నాడు. పైగా నైజీరియాలో ఉన్న ఒకే ఒక్క లూమెరా తన దగ్గరే ఉందని మూడుసార్లు ఎగిరి చెప్పాడు. తర్వాత ఆ ఫోను మా ఇంటికి వచ్చింది. డబ్బా మీద కంపెనీ సీలు అలాగే ఉంది. చుట్టిన పల్చటి ప్లాస్టిక్ కాగితం కూడా చెదరలేదు.

గుమ్మంలోనే నిలబడి చాలాసేపు నవ్వాను. వాడు డబ్బా కూడా విప్పలేదు. విదేశాలవాళ్ళ వీడియోలు నాలుగు చూసి, వాళ్ళు చెప్పింది లేగోస్ ట్రాఫిక్‌లో ముంచి వడ్డించాడు. అయితే సీలుతోనే ఎందుకు పంపాడు, అంత తెలివితక్కువవాడా అనిపిస్తుంది. కాదు. కంప్యూటర్ విలేజ్‌లో ఏ సందులోకి వెళ్ళినా పాత ఫోనును కొత్త డబ్బాలో పెట్టి, వేడి మిషనుతో ప్లాస్టిక్ చుట్టి, క్షణంలో కొత్తదాన్ని చేసిస్తారు. ఇక్కడ సీలును నమ్మేవాడు పుట్టలేదు. ఆ ధైర్యంతోనే పంపాడు. అది వాడి పొరపాటు.

నేనూ డబ్బా విప్పలేదు. నేరుగా కమోరుకు ఫోన్ చేశాను. కమోరుది కంప్యూటర్ విలేజ్‌లో ఫోన్ల దుకాణం. ప్రతి శనివారం మధ్యాహ్నం దుకాణం ముందు కుర్చీలు వేయించి ఏదో ఒక వాదం పెట్టి ఇంటర్నెట్‌లో నేరుగా చూపిస్తాడు. ఎదురుగా జనం గుమిగూడతారు, చూసేవాళ్ళు లక్షల్లో ఉంటారు. ఫోను కొనేటప్పుడు పత్రికవాళ్ళని నమ్మాలా, వీడియోలవాళ్ళని నమ్మాలా అన్న వాదం పెట్టమన్నాను, చీఫ్‌కి ఎదురు నేను కూర్చుంటానన్నాను. నీకు సిగ్గు లేదా, ఒకసారి తిన్నది చాలలేదా అని కమోరు మంచితనంతోనే అడిగాడు. చాలలేదని చెప్పాను. చీఫ్ ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడట.

ఆ శనివారం దుకాణం ముందు నిలబడడానికి చోటు లేదు. వేయించిన పఫ్‌పఫ్ ఉండలు తింటూ, జనరేటర్ల రొద మీద అరుచుకుంటూ జనం అప్పుడే రెండు జట్లయిపోయారు. పేపరువాళ్ళు కంపెనీ ఇచ్చిన కాగితం తిరగరాయడం తప్ప ఏం పీకుతారని ఒకడు, వీడియోలవాడు ఫోను అందం చూపిస్తాడు గానీ చెడిపోతే ఎవడి దగ్గరికి పోవాలో చెబుతాడా అని ఇంకొకడు. చీఫ్ రాగానే ఈలలు వేశారు. నన్ను చూసి వెనకెవరో కవరమ్మ వచ్చిందన్నారు. నవ్వులు లేచాయి. నవ్వుకోనిచ్చాను. నవ్విన నాపచేనే పండుతుందంటారు.

వాడు విలేఖరుల మీద చాలా చెప్పాడు. మేము సభలకు వెళ్ళేది జొల్లోఫ్ అన్నం తినడానికేనన్నాడు. తాను ప్రతి ఫోనునూ చేత్తో పట్టుకుని, వాడి, వేడి చూసి చెబుతాడట. అందుకే జనం తన మాట నమ్ముతారట. నేను వినయంగా లూమెరా గురించి అడిగాను. వాడు వీడియోలో చెప్పినదంతా మళ్ళీ చెప్పి, ఇంకా కొంత కలిపాడు. ఛార్జింగు తీగ ఏ రంగని అడిగితే తెలుపని చెప్పి, ఏ ఫోను తీగైనా తెలుపే కదా అక్కయ్యా అని జనం వైపు కన్ను గీటాడు.

అప్పుడు సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను.

వాడు ఒక్క క్షణం తడబడి, వెంటనే పగలబడి నవ్వాడు. "అక్కయ్యా, ఈ సందులో సీలు చూపించి ఎవణ్ణి నమ్మిస్తావు? ఇక్కడ కుక్కపిల్లకి కూడా సీలేసి కొత్తదని అమ్ముతారు. నేను పద్ధతిగల మనిషిని, వాడాక మళ్ళీ చుట్టించి పంపా." జనం బల్లలు చరిచారు. నిజమే, నిజమేనన్నారు. కమోరు కూడా నన్ను జాలిగా చూశాడు.

"నిజమే చీఫ్" అన్నాను. "సీలుని నేనూ నమ్మను. మరి ఇక్కడ సీలుని నమ్మనివాళ్ళు ఏం చేస్తారు?"

జవాబు జనంలోంచే వచ్చింది. నంబరు కొట్టి చూస్తామన్నారు ఇద్దరు ముగ్గురు ఒకేసారి. ఇక్కడ కొత్త ఫోను కొనేవాడు ఎవడైనా చేసే పని అదే. డబ్బా మీద ఉన్న నంబరును కంపెనీ పేజీలో కొడితే వారంటీ ఎప్పుడు మొదలైందో చెబుతుంది. ఫోనును తొలిసారి వెలిగించి నెట్‌కు కలిపిన రోజే వారంటీ మొదలవుతుంది. ఆ తేదీని ఏ వేడి మిషనూ మార్చలేదు. చీఫ్ ముఖంలో రంగు మారడం నేను అతి దగ్గర నుంచి చూశాను. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పడానికి సిగ్గుపడను.

కమోరు నంబరు కొట్టి, తెర కెమెరా వైపు తిప్పాడు. ఈ ఫోను ఇంతవరకు వాడకంలోకి రాలేదు, వారంటీ మొదలవలేదు అని ఉంది. తర్వాత అందరి ముందూ డబ్బా విప్పాడు. తీగ నారింజ రంగులో ఉంది.

 చీఫ్ తాను వాడింది వేరే ఫోనని ఏదో అనబోయాడు. దేశంలో ఉన్నది ఒక్కటేనని నువ్వే కదా డప్పు కొట్టావని జనమే అందుకున్నారు. ఆ తర్వాత ఇక నేను నోరు విప్పే పని లేకపోయింది. దొంగ, అమ్ముడుపోయినవాడు, వీడికెవడిచ్చాడు కవరు. నా మీద వేసిన రాళ్ళే ఏరుకుని వాడి మీద వేశారు. ఒకామె ముందుకు తోసుకొచ్చి నా చెయ్యి పట్టుకుని, మేము ఎప్పుడూ నిన్నే నమ్మామమ్మా అంది. ఆమె ఎవరో నాకు తెలుసు. నా నుదుటి మీద కవరు అతికించిన ఫోటో మొదట పెట్టినవాళ్ళలో ఆమె ఒకతి. చెయ్యి విడిపించుకున్నాను.

కమోరు అందరికీ సర్దిచెప్పి, అక్కకి క్షమాపణ చెప్పెయ్ చీఫ్, అయిపోతుందన్నాడు. వాడు చేతులు జోడించబోయాడు. నాకు వాడి దండాలు అక్కర్లేదన్నాను. "బెంటా నైన్ మీద నేను రాసింది నీకు గుర్తుందా? దాన్ని చదువు. ఇక్కడే, ఇప్పుడే, పైకి చదువు."

వాడికి ఊపిరి వచ్చినట్టయింది. క్షమాపణ కంటే ఇదే సులువనుకున్నట్టున్నాడు. నేనిచ్చిన కాగితాలు తీసుకుని గబగబా మొదలుపెట్టాడు. నాలుగు వాక్యాలు కాగానే నాకు అర్థమైంది. పేర్ల దగ్గర తడుముకుంటున్నాడు, అంకెల దగ్గర ఆగి మళ్ళీ చూసుకుంటున్నాడు. వాడు నా రిపోర్టు ఎన్నడూ చదవలేదు. పైన పెద్దక్షరాలు చూసి నన్ను తగలబెట్టాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. నెమ్మదిగా, అందరికీ వినపడేలా చదవమన్నాను.

బాగుచేసేవాళ్ళు చెప్పింది చదివాడు. కంపెనీ జవాబివ్వలేదన్నది చదివాడు. ముషిన్ టైలరమ్మ దగ్గరికి వచ్చాడు. పనికి పిలుపొస్తే వినపడాలని ఆమె ఫోనును రోజూ దిండు కింద పెట్టుకుని పడుకునేది, అంతకు వారం ముందే వెనక అట్ట ఉబ్బడం చూసింది అన్నంతవరకు చదివి ఆగిపోయాడు.

చదవమన్నాను. చదవలేదు. కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, ఒక్క నిమిషమంటూ జేబులోంచి ఫోన్ తీశాడు. అది బెంటా కాదు, ఖరీదైన ఫోను. నంబరు నొక్కి, కెమెరాల ముందు అలవాటైన చెయ్యి కదా, స్పీకరు కూడా నొక్కేశాడు. చొక్కాకు కమోరు తగిలించిన మైకు అలాగే ఉంది.

"అమ్మా, నేను పంపిన ఫోను రాత్రిళ్ళు ఎక్కడ పెట్టుకుంటున్నావు?"

"దిండు కిందేరా నాన్నా. నువ్వెప్పుడు చేస్తావో తెలీదు కదా." బెనిన్ సిటీ నుంచి ముసలి గొంతు దుకాణం స్పీకర్లలో వీధంతా వినిపించింది.

"అది ఉబ్బిందా?"

"కాస్త లేచింది. రబ్బరు బ్యాండు వేసుకున్నాలే, ఊడట్లేదు."

"అమ్మా, దాన్ని చెవి దగ్గర్నించి తియ్యి. ఇప్పుడే తీసుకెళ్ళి బయట సిమెంటు మీద పెట్టు. మళ్ళీ ముట్టుకోకు."

"ఏంట్రా ఈ కంగారు? పక్కింటివాళ్ళు ఎప్పుడో చెప్పారు, పేపర్లో రాశారు, పారెయ్ అని. ఆ రాసినామె డబ్బు తిని అబద్ధాలు రాసిందని నువ్వే కదా చెప్పావు. మా అబ్బాయి కంటే మీకెక్కువ తెలుసా అని వాళ్ళని నాలుగు తిట్టాను కూడాను."

వాడు అమ్మా, అమ్మా అంటూ బతిమాలాడు. ఆవిడ గొణుక్కుంటూ నడవడం, తలుపు చప్పుడు వినిపించాయి. తర్వాత ఫోను నేల మీద పెట్టిన చప్పుడు వచ్చింది. దూరం నుంచి, పెట్టానురా అని అరిచింది. వాడు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

 చాలక్కా, ఇక వదిలెయ్ అని కమోరు నా చెవిలో అన్నాడు. జాలి నాకూ కలిగింది, కానీ ఆ ముసలావిడ మీద. ఆవిడకు తన దిండు కింద ఏముందో చెప్పడానికి కొడుకున్నాడు. చూస్తున్న లక్షల మందిలో ఇంకా ఎందరి దిండ్ల కింద అవి ఉన్నాయో, వాళ్ళకెవరు చెబుతారు.

వాడి ఒళ్ళోంచి కాగితాలు తీసి, వాడు ఆగిన వాక్యం మీద వేలు పెట్టి, మళ్ళీ వాడి చేతికిచ్చాను.

"ఇంకా రెండు పేరాలున్నాయి" అన్నాను. "చదువు."