మర్యాద తెలియని మోకాలు

మా కొండల్లోని నారిన్ పట్నం ఆసుపత్రిలో నాకూ మా ఊరి బాత్మాకూ ఒకే రోజు చెరో మోకాలు మార్చారు. పక్కపక్క మంచాలు. వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి "వంచండి" అంటే, బాత్మా నోటికొచ్చిన తిట్లు తిడుతూనే వంచేది. నేను మాత్రం "రేపు చూద్దాంలే తల్లీ" అని గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని.

"ఏమే జూరా, వంచకపోతే విందుల్లో ఎలా కూర్చుంటావే?" అంది బాత్మా.

"కూర్చోను. ఇంకా నాకేం విందులు!"

అన్నంత పనీ చేశాను. మేం నేల మీద గుడ్డ పరిచి, చుట్టూ కాళ్ళు మడుచుకుని తింటాం. రొట్టె వైపు కాలు చాపడం కన్నా తలవంపు లేదు. మడవలేని కాలేసుకుని ఎక్కడికి పోను? పసిబిడ్డను ఉయ్యాల్లో వేసే విందుకు పిలిస్తే జలుబన్నాను. విందుకు గుర్రం కోశాం రమ్మంటే మంచు పడుతోందన్నాను. పిలిచీ పిలిచీ జనం మానేశారు. మొగుడు పోయిన ఇంట్లో నేనూ నా కుర్చీ మిగిలాం. ఆ చలికాలం మనిషి గొంతుకు మొహం వాచిపోయాను. మోకాలు కుర్చీకి సరిపడా వంగి, అక్కడే బిగుసుకుంది.

"లోపలంతా బాగానే ఉంది. మీరే వాడట్లేదు," అన్నాడు డాక్టరు. వాడి మొహం, వాడికేం తెలుసు అనుకున్నాను.

వసంతంలో ఆ ఏటి తొలి గుర్రం పాల విందుకు బాత్మా తనే వచ్చి లాక్కుపోయింది. పాపం, నాకోసం తలుపు దగ్గర కుర్చీ వేశారు. అందరి తలలూ నా మోకాళ్ళ ఎత్తున ఉన్నాయి. కబుర్లన్నీ కిందే తిరిగాయి, నాదాకా ఒక్కటీ రాలేదు.

బాత్మా పెద్దలు కూర్చునే చోట కూలబడి, కాలు నేరుగా రొట్టెల వైపు చాపింది. ఆమె తాపీగా కాలి మీద శాలువా కప్పుకుంది.

"తప్పనుకోకండర్రా. ఈ మోకాలు జర్మనీది, మన మర్యాద ఇంకా నేర్చుకోలేదు. చలికాలమంతా మీ ఇళ్ళకు తిప్పితే ఇప్పటికి సగం వంగింది."

అందరూ పగలబడి నవ్వారు. ఒక ముసలాయన ఆమె మడమ కింద దిండు కూడా జరిపాడు.

"నువ్వూ దిగవే," అంది బాత్మా.

"ఇంకోసారొస్తాలే," అని లేచి వచ్చేశాను.

ఇంట్లో గుడ్డ పరిచి రొట్టె పెట్టాను. మంచం పట్టుకుని, పళ్ళ బిగువున కిందికి దిగాను. కాలు తిన్నగా రొట్టె వైపే పోయింది. సిగ్గేసి చటుక్కున శాలువా కప్పాను.

తలెత్తితే ఎదురుగా ఎవరూ లేరు. ఇన్నాళ్ళూ నేనెవరిని చూసి సిగ్గుపడ్డానో, వాళ్ళంతా అక్కడ బాత్మా కాలు చూసి నవ్వుకుంటున్నారు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, బాత్మా తిట్లన్నీ ఒక్కొక్కటే తిడుతూ, మోకాలు వంచాను.