బాల్కనీ గ్లాసు

"పనిమనిసి సోఫాలో కూకుందేట్రా?" అంది సీతామహాలక్ష్మి, కొడుకు పోలరాజుతో.

ఆ పనిమనిషి ఆమె కోడలు కల్పలత. ఆదివారం పొద్దున అత్తగారికి స్నానం చేయించి, తడిసిన కొంగు పిండుకుని అప్పుడే కూర్చుంది. పోలరాజు నవ్వుతూ, లేవమని కళ్ళతోనే సైగ చేశాడు.

మతిమరుపు జబ్బు ముసలావిడ తలలోంచి సికింద్రాబాదును మొత్తం ఊడ్చేసింది. పలాస దగ్గరి ఊరు వదిలి మెట్టుగూడ రావడం, కొడుకు పెళ్ళి, కోడలు, ఏదీ గుర్తులేదు. కొడుకు మాత్రం మిగిలాడు. మగపిల్లలు అంత తేలిగ్గా చెరిగిపోరు కాబోలు.

ఇలాంటి పెద్దవాళ్ళను చూసుకునే ఇంటివాళ్ళకు సికింద్రాబాదులోనే కార్ఖానా అనే పేటలో నెలనెలా మీటింగు పెడతారు. వాళ్ళ మాట కాదనకండి, వాళ్ళ లోకంలోకి మీరే వెళ్ళండి అని అక్కడి మేడం చెప్పింది. మంచి మాటే. పోలరాజు ఏ మాటనూ అంత శ్రద్ధగా పట్టుకున్నది లేదు. ఆ మాటే చెప్పి భార్యను అమ్మ లోకంలోకి పంపించి తను ఆఫీసుకు వెళ్ళిపోయాడు. బయటివాళ్ళ చేతుల్లో అమ్మను పెడతామా అని కల్పలత చేత స్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం అప్పటికే మాన్పించాడు. నువ్వు ఇంట్లోనే ఉంటావుగా అని పనిచేసే రోసమ్మనూ మాన్పించాడు. రోసమ్మ పోయింది గానీ ఆమె టీ తాగే స్టీలు గ్లాసు బాల్కనీ గోడ మీద బోర్లించి ఉండిపోయింది. దాన్ని అక్కడ వేరుగా పెట్టింది కల్పలతే. ఇప్పుడు తనూ అందులోనే తాగుతోంది, లేకపోతే అత్తగారు అన్నం ముట్టదు. చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత అనుకుంది గానీ లోపల మంట చల్లారలేదు.

మధ్యాహ్నం ఆడపడుచు దేవిక, భర్తతో భోజనానికి వచ్చింది. అందరికీ వడ్డించి కల్పలత తనూ కంచం పెట్టుకుని కుర్చీ లాక్కుంది. ముసలావిడ చేతిలోని ముద్ద కంచంలో పడేసింది.

"కాసేపు బాల్కనీలో తినవా కల్పా," అన్నాడు పోలరాజు. "అమ్మ తినాలిగా."

దేవిక లేచి ఆమె కంచం ఎత్తి చేతికిచ్చింది. పాపం, పప్పు కాస్త ఎక్కువే వేసింది.

కల్పలత కంచం బాల్కనీలో పెట్టేసి వచ్చి అత్తగారి ముందు నిలబడింది.

"అమ్మా, రేపటి సంది పనికి రాను. మానేస్తున్న."

ఒక్కసారైనా వద్దంటుందని ఆశపడింది. సిగ్గులేని మనసు.

ముసలావిడ హాయిగా నవ్వింది. "ఎల్తే ఎల్లే. మావోడికి పెల్లి సేస్తన్నాం. కోడలొస్తాది. దానికి జీతం కూడా ఇయ్యక్కర్లేదు."

మతి పోయిన మనిషి అన్నంత సరైన మాట ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ అనలేదు.

కల్పలత నాలుగు చీరలు, తన సర్టిఫికెట్లు సంచిలో సర్దుకుంది. రెజిమెంటల్ బజార్లో అక్క ఇల్లుంది. పోలరాజు ఎంగిలి చేత్తోనే లేచి వచ్చాడు. ఇదేం వేషం, అమ్మకు మందులు ఎవరిస్తారని అడిగాడు.

ఆమె బాల్కనీలోని గ్లాసు కడిగి తెచ్చి అతని కంచం పక్కన పెట్టింది.

"అమ్మ పొమ్మన్నది," అంది. "ఆమె మాట కాదనొద్దని మీరే అన్నరు గద."