కొండపల్లికి నాలుగు సైకిళ్ళు

రోటి ముందు కూర్చుని పిండి రుబ్బుతుంటే మా ఆయన బాలశౌరి వాకిట్లోంచి పేపరు మడుచుకుంటూ వచ్చి, "ఇంతకీ కొండపల్లిలో కాన్పెవరికి?" అని అడిగారు. ఎగతాళిగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు. కాన్పు కాదని, ఊరికే వెళ్తున్నామని వారం రోజుల్లో నాలుగోసారి చెప్పాను. "ఊరికే" అన్న మాట ఆయనకు అర్థం కాలేదు. నాకూ అప్పటికింకా పూర్తిగా అర్థం కాలేదేమో, చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గింది.

నేను తిరువూరు ఆసుపత్రిలో నర్సమ్మను. అప్పటికి పదకొండేళ్ళ కిందట ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊళ్ళు తిరగడానికి సైకిలిచ్చారు. అప్పటినుంచి వినగడప, గంపలగూడెం, ఎ.కొండూరు, మధ్యలో ఉన్న పల్లెలన్నీ ఆ సైకిలు మీదే తిరిగాను. నా బెల్లు వింటే ఎవరికో నొప్పులొస్తున్నాయని లెక్క. వానలో బురద తొక్కుకుంటూ వెళ్ళేదాన్ని. మా అమ్మాయి గ్లోరి కడుపులో ఉండగా, ఏడో నెల నిండాక కూడా వేరే ఆవిడ కాన్పుకి వెళ్ళాను. సాయంత్రం ఇంటికి రాగానే చీర మార్చుకుని పొయ్యి ముట్టించాలి. "ఊళ్ళన్నీ చూసొచ్చావుగా, ఇంక ఇల్లు చూడు" అనేది మా అత్తగారు జోజమ్మ. మా ఆయన ఏమీ అనేవారు కాదు. ఆయన ఆఫీసునుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటే పనయిపోయినట్టు. నేను కాళ్ళు కడుక్కుంటే పని మొదలైనట్టు. ఈ తేడా గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. నేనూ మాట్లాడలేదు. మాట్లాడటానికి కూడా ఒంట్లో కొంచెం ఓపిక మిగలాలి కదా.

ఈ ప్రయాణం ఆలోచన షాజాదీది. ఆడపిల్లల బడిలో టీచరు, పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళ నాన్న లాల్‌సాహెబ్‌కి బస్టాండు దగ్గర సైకిల్ షాపుంది. చిన్నప్పుడు అద్దె సైకిళ్ళ మీదే నేర్చుకుంది. ట్రైనింగులో ఉండగా ఒకసారి అమ్మాయిలందరూ కలిసి మూడు రోజులు సైకిళ్ళ మీద తిరిగారట. ఆ మూడు రోజుల కబుర్లు ఆరేళ్ళుగా చెబుతూనే ఉంది. ఆ ఏడు, అంటే డెబ్భై ఎనిమిదిలో, దసరా సెలవులకి మళ్ళీ అలా వెళ్దామంది. గ్రామసేవిక రూతమ్మ సరేనంది. హైస్కూల్లో తెలుగు చెప్పే సుభాషిణి కూడా సరేనంది. "నువ్వు రాకపోతే ఎట్టా ప్రేమక్కా, మా అందరికన్నా నువ్వే ఎక్కువ తొక్కావు" అంది షాజాదీ. మొదటి రోజు మైలవరం, రెండో రోజు కొండపల్లి, మూడో రోజు అక్కడే ఉండి ఖిల్లా చూడటం, నాలుగో రోజు తిరుగు ప్రయాణం. నేను ఔనన్నాను. అన్నాక ఇంటికొచ్చి, ఎలా చెప్పాలా అని రెండు రోజులు నోరు విప్పలేదు.

మా ఆయన వద్దనలేదు. ఆయన ఎప్పుడూ దేనికీ వద్దనరు. "వెళ్ళు, కానీ ఇంట్లో ఇబ్బంది లేకుండా చూసుకుని వెళ్ళు" అన్నారు. అందుకని నాలుగు రోజులు లేకపోవడానికి మూడు రోజులు ముందే చాకిరీ చేశాను. బియ్యంలో రాళ్ళేరాను. పప్పు వేయించి డబ్బాలో పోశాను. పచ్చళ్ళు రెండు రకాలు చేశాను. బట్టలు ఉతికి మడతలు పెట్టాను. అత్తగారి మోకాళ్ళ నూనె, ఆయన తలనొప్పి మాత్రలు ఎక్కడున్నాయో కాగితం మీద రాసి గోడకు అంటించాను. బయలుదేరే రోజు పొద్దున సైకిలెక్కేసరికే నా ఒళ్ళు నలభై మైళ్ళు తొక్కినట్టుంది.

దారి పొడుగునా వరి పచ్చగా ఉంది. పత్తి చేలల్లో ఆడవాళ్ళు నడుములెత్తి మమ్మల్ని చూశారు. నలుగురు ఆడవాళ్ళు వరసగా సైకిళ్ళ మీద వెళ్తుంటే ఎవరైనా చూస్తారు. ఎ.కొండూరు దగ్గర ఒక ముసలాయన నన్ను గుర్తుపట్టి, "ఏమ్మా నర్సమ్మా, ఇంతమందొచ్చారు, శానా కష్టంగా ఉందా ఆ పిల్లకి?" అని కంగారుపడ్డాడు. వాళ్ళు ముగ్గురూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను మాటిమాటికీ వాళ్ళని వెనక వదిలేసి ముందుకెళ్ళిపోతున్నాను. షాజాదీ రొప్పుతూ వచ్చి నన్ను కలుసుకుని, "పరుగెందుకక్కా? అక్కడ మనకోసం ఎవరూ నొప్పులు పడటంలేదు" అంది. మెల్లగా తొక్కడం నాకు చేతకాదని ఆ రోజు తెలిసింది. పదకొండేళ్ళు తిరిగిన దారిలో చెరువు పక్కన తెల్లకలువలు ఉంటాయని కూడా ఆ రోజే తెలిసింది.

మైలవరంలో రూతమ్మ వాళ్ళ పిన్నిగారింట్లో దిగాం. ఆవిడ కంచాలు పెట్టి వేడివేడి అన్నం, వంకాయ కూర వడ్డించింది. నాకు ఇంకో రెండు ముద్దలు పట్టేటట్టుందని ఆవిడే కనిపెట్టి మళ్ళీ పెట్టింది. తిన్నాక కంచం తీయబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నా ఆకలి ఇంకొకరు కనిపెట్టి ఎన్నేళ్ళయిందో గుర్తుకు తెచ్చుకోబోయి, ఆ ఆలోచన అక్కడితో ఆపేశాను.

మర్నాడు పొద్దున సైకిళ్ళకు గాలి కొట్టుకుంటుంటే మా ఆయన వచ్చారు. మొదటి బస్సుకొచ్చారట. అమ్మకి జ్వరమన్నారు. ఎంతుందని అడిగాను. చూడలేదన్నారు. దగ్గుందా, తిందా, ఎప్పటినుంచి అని అడిగాను. "ఆ ప్రశ్నలన్నీ ఇంటికొచ్చి అమ్మనే అడుగు" అని, అందరి ముందూ అన్నందుకు కాస్త నొచ్చుకుని, సైకిలు తనే బస్టాండుదాకా నడిపించుకొచ్చారు. షాజాదీ కొండపల్లిలో వాళ్ళ మేనత్త పీర్‌బీ ఇల్లెక్కడో రెండుసార్లు చెప్పింది. సైకిలు బస్సు టాపుమీదకెక్కింది. నేను కిటికీ పక్కన కూర్చుని, నిన్న తొక్కిన దారంతా వెనక్కి పోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. అలిసిపోయినవాళ్ళకి ఏడుపు తొందరగా రాదు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు అరుగు మీద కూర్చుని వక్క నములుతోంది. వంటింట్లో మా గ్లోరి పొయ్యి ముందు ఉంది. దానికి పదేళ్ళు. రాత్రి అన్నం వారుస్తూ గంజి ఒలకబోసుకుందట, ఎడమ మణికట్టు మీద ఎర్రగా పొక్కింది. దానిమీద ఇంకు రాసుకుంది. నేను కనపడగానే, "అమ్మా, నువ్వు అప్పుడే వచ్చావేంటి? పప్పు నాకొచ్చు, నాన్నకి నచ్చింది" అంది. దాని కళ్ళల్లో ఏదో గొప్ప. ఆ గొప్పకి నేను జడుసుకున్నాను. నేను కూడా పదేళ్ళప్పుడు అలాగే చూసి ఉంటాను మా అమ్మవైపు.

చల్లటి నీళ్ళు పోసి, మందు రాసి, గుడ్డ చుట్టాను. అప్పుడు అత్తగారి చెయ్యి పట్టుకుని చూశాను. ఒళ్ళు చల్లగా ఉంది.

"నాకేం జొరం అమ్మాయ్" అంది ఆవిడ మెల్లగా. "రాత్రి కాళ్ళు పీకుతున్నాయన్నాను, అంతే. పిల్ల చెయ్యి కాల్చుకునేసరికి వాడికి ఏం చెయ్యాలో తోచలా. అది చెప్పటానికి నామోషీ అయి జొరమన్నాడు."

"నిన్నటినుంచీ వంటంతా గ్లోరేనా?"

"మరెవరు? మా అమ్మ నాట్లకి పోతే ఆరేళ్ళకే నాది పొయ్యి. నాకప్పుడు చెయ్యి కాలితే చూసినోళ్ళు కూడా లేరు."

ఆవిడ నన్ను తప్పుపట్టడానికి అనలేదు. తన చెయ్యి తిప్పి ఒకసారి చూసుకుంది. ముడతల్లో పాత మచ్చలు ఏవి ఎప్పటివో ఆవిడకే తెలియాలి. నేను ఇల్లు వదిలి వెళ్తే ఇంటిపని ఇంట్లో ఉన్న మగమనిషి చేతికి పోతుందని నేనెందుకనుకున్నానో తెలియదు. అది నా చేతిలోంచి జారి సూటిగా గ్లోరి చేతిమీద పడింది. అదీ మరిగిమరిగి.

ఆ పూట వంట చేశాను, అంట్లు తోమాను. మా ఆయన తిని లేచారు. తను తప్పు చేశానని తెలిసినప్పుడు ఆయన ఇంకాస్త పెరుగు వేయమని అడగరు, అంతే. చేతులు కడుక్కొచ్చాక ఎదురుగా కూర్చుని చెప్పాను, రేపు పొద్దున మళ్ళీ వెళ్తున్నానని.

"అమ్మ?"

"అత్తయ్యకి జ్వరం లేదు."

ఆయన తల దించుకున్నారు. "గ్లోరి ఉంటుందిగా, సర్లే" అన్నారు.

"గ్లోరి నాతో వస్తుంది."

ఆయన వాళ్ళమ్మవైపు చూశారు. ఆవిడ ఏమైనా అంటుందని నేనూ చూశాను. ఆవిడ వక్క ఉమ్మేసి, "తీసుకుపో దాన్ని. నాకు గంజి కాచుకోడం వచ్చు. వాడికి రాకపోతే నేర్పుతాలే" అంది. ఆవిడకి అరవై ఏళ్ళు దాటాయి, ఆ మాట అనడానికి అంతకాలం పట్టింది.

మైలవరందాకా బస్సు మీద సైకిలు వేసుకుని, అక్కడినుంచి గ్లోరిని వెనక కేరియరు మీద కూర్చోబెట్టుకుని తొక్కాను. కాలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో నా నడుము పట్టుకుంది. ఎదురుగాలి. మధ్యలో రెండుచోట్ల దిగి నడిచాం. అది ఒకటే ప్రశ్నలు, ఖిల్లాలో రాణులుండేవాళ్ళా, వాళ్ళకి వంట ఎవరు చేసేవాళ్ళు అని. కొండపల్లి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పీర్‌బీ ఇంటి వసారాలో వాళ్ళు ముగ్గురూ కొండెక్కడానికి తయారుగా ఉన్నారు. నన్ను చూసి షాజాదీ లేచి వచ్చి సైకిలు అందుకుంది. గ్లోరి చెయ్యి చూసింది, నా ముఖం చూసింది, అంతే.

"రా అక్కా, ఎక్కుదాం."

"దీన్ని తీసుకెళ్ళండి. నేను కాసేపు పడుకుంటాను."

పీర్‌బీ వసారాలో చాప పరిచింది. నాకు దుప్పటి అక్కర్లేదన్నా కప్పింది. చీర కుచ్చిళ్ళు సర్దుకోకుండానే, జడ ముడి విప్పకుండానే పడుకున్నాను. దూరంగా గ్లోరి గొంతు కొండవైపు వెళ్ళిపోవడం కాసేపు వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. లేచేసరికి మర్నాడు తెల్లవారుతోంది. రాత్రి అన్నానికి కూడా ఎవరూ నన్ను లేపలేదు. పక్కన గ్లోరి, అవతల రూతమ్మ నిద్రపోతున్నారు. నేనెక్కడున్నానో, ఎవరి అమ్మనో, ఎవరి కోడలినో గుర్తు రావడానికి కొంచెంసేపు పట్టింది. ఆ కొంచెంసేపు ఎంత హాయిగా ఉందంటే, గుర్తొచ్చాక కూడా కదలకుండా అలాగే పడుకున్నాను.

ఆ సాయంత్రం ఇల్లు చేరాం. గ్లోరి నానమ్మ పక్కన చేరి ఖిల్లా సంగతులు చెబుతోంది. మా ఆయన ముంజేతి మీద మసి ఉంది. ఇంకా కడుక్కోలేదు.

"ఖిల్లా ఎట్టా ఉంది?" అని అడిగారు.

"నేను చూడలేదు. నిద్రపోయాను."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "నిద్రపోడానికి అంత దూరం తొక్కుకుంటూ పోవాలా ప్రేమా? ఇంట్లో మంచం లేదా?"

"పోవాలి" అన్నాను. "వచ్చే దసరాకి కూడా పోతాను."