జ్వరం వచ్చిన ఆదివారం

జ్వరం చేత్తో రుబ్బితే పిండి తొందరగా పులుస్తుందట. శనివారం సాయంత్రం రోటి ముందు కూర్చుని ఇడ్లీకి మినప్పప్పు రుబ్బుతుంటే, మా అత్త తులసమ్మ చెయ్యి నా చేతికి తగిలింది. ఒళ్ళు కాలిపోతోందని గుర్తుపట్టి ఆమె అన్న మొదటి మాట అది. గిన్నె చల్లని మూల పెట్టమని చెప్పి వెళ్ళిపోయింది. పిండి సంగతి నిజమో కాదో నాకు తెలీదు. గిన్నె మూల పెట్టి, రోలు కడిగి, రాత్రికి చారు పెట్టడానికి లేచాను. లేవగానే కళ్ళు తిరిగాయి. గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఎవరూ చూడలేదు కాబట్టి అది ఎవరికీ తెలీలేదు.

మర్నాడు ఆదివారం నేను తిరుత్తణికి పోవాలి. సుబ్రహ్మణ్యస్వామికి మొక్కు ఉంది, కొండెక్కి అర్చన చేయించుకుని చీకటి పడేలోగా వచ్చేస్తాను అని ఇంట్లో చెప్పి పెట్టాను. మా తిరువళ్ళూరులో మా తెలుగిళ్ళ ఆడది ఒంటరిగా రైలెక్కాలంటే దేవుణ్ణి తోడు తీసుకోవాల్సిందే. మొక్కూ లేదు, అర్చనా లేదు. నేను పోయేది దేవకి కోసం. దేవకి, నేను ఇక్కడి ఆడపిల్లల హైస్కూల్లో పదకొండో క్లాసు దాకా కలిసి చదివాం. పెళ్ళైన మూడేళ్ళకు మొగుడి ఇంటి నుంచి వచ్చేసి, తిరుత్తణిలో ఒక గది అద్దెకు తీసుకుని, టైపు నేర్పించి బతుకుతోంది. మా ఆయన సుదర్శనానికి ఆమె పేరెత్తితే గిట్టదు. మొగుణ్ణి వదిలేసిన దానితో నీకేం మాటలు అని ఒకసారి అన్నాడు. ఆ తర్వాత నేను ఆ పేరు ఇంట్లో ఎత్తలేదు.

జాబు రాసుకుందామంటే నాకొచ్చే జాబులన్నీ ముందు ఆయనే చించి చదువుతాడు. మేం రాసేది తెలుగు మాటలే అయినా అరవ అక్షరాల్లో రాస్తాం, బళ్ళో మాకు వేరే అక్షరాలు ఎవరూ నేర్పలేదు. ఆయనా అరవంలోనే చదువుకున్న మనిషే కాబట్టి దాచే వీల్లేదు. అందుకని మా కబుర్లన్నీ పూల పొన్నమ్మ మోస్తుంది. తిరుత్తణి నుంచి పొద్దున్నే గంపతో రైలు దిగి, మా వీధుల్లో మూర లెక్కన పూలు అమ్ముకుని, పది గంటల బండికి తిరిగి పోతుంది.

ఈ ఏడాదిలో వస్తానని మూడుసార్లు కబురు పంపి మూడుసార్లూ పోలేదు. ఒకసారి మా అత్తకు మోకాళ్ళ నొప్పులు. ఒకసారి ఆయనకు జలుబు చేసింది, మిరియాల రసం పెట్టే మనిషి ఇంట్లో లేకపోతే జలుబు ఎట్లా తగ్గుతుంది? ఇంకోసారి ఆడబిడ్డ చెప్పకుండా దిగింది. ప్రతిసారీ దేవకి వంట చేసి పెట్టుకుని మధ్యాహ్నం దాకా గడపలో కూర్చుందని పొన్నమ్మ చెప్పింది. పోయిన వారం పూలు కొలుస్తూ, వెనక్కి తిరిగి మా అత్త లేదని చూసుకుని, ఇంకో మాట చెప్పింది.

"ఈతూరి గూడా రాకపోతే నేనింక పిలవనని చెప్పమనిందమ్మా. కోపం లేదంట. కాచుకోని కూర్చునేదే చేతగాలేదంట."

నేను లోపలికొచ్చి పప్పు డబ్బా మూత తీసి ఊరికే దాంట్లోకి చూస్తూ నిలబడ్డాను. భయమేసింది. పెళ్ళై పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో వనజా, నీకేం అనిపిస్తోంది అని అడిగిన మనిషి దేవకి ఒక్కతే. ఆమె కూడా విసిగిపోతే నాకింక ఎవరున్నారు?

శనివారం రాత్రి ఆయన ఆవడి ఫ్యాక్టరీ నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నప్పుడు మా అత్త జ్వరం సంగతి చెప్పింది. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. చెయ్యి కడుక్కుని, వీధి చివర అంగడికి పోయి రెండు మాత్రలు తెచ్చాడు. కొండకు పోవద్దన్నాడు. ఒళ్ళు బాగలేనప్పుడు అన్ని మెట్లు ఎట్లా ఎక్కుతావు, దేవుడేమన్నా పారిపోతాడా అన్నాడు. జ్వరంలో తలకు పోసుకోకూడదు, తలకు పోసుకోకుండా కొండెక్కకూడదు, వచ్చే కృత్తికకు పోవచ్చులే, స్వామి ఏమీ అనుకోడు అని మా అత్త సర్ది చెప్పింది. తోడుకని తెచ్చుకున్న దేవుడే నాకు సెలవిచ్చేశాడు, ఇంకేం మాట్లాడతాను?

నిజం చెప్పొద్దూ, మాత్రలు చేతిలో పెట్టినప్పుడు నాకు సంతోషమే కలిగింది. మరిది నిశ్చితార్థం నాడు ఇంతకంటే ఎక్కువ జ్వరంతో నలభై మందికి వడ్డించాను. ఆ రోజు నా ఒంటి మీద చెయ్యి వేసినవాళ్ళు లేరు. నెయ్యి గిన్నె చేజారితే మాత్రం అందరూ చూశారు. అట్లాంటిది ఇప్పుడు మాత్రలు, మంచి మాటలు. నా జ్వరం పిండి రుబ్బడానికి అడ్డం రాలేదు, చారు పెట్టడానికి అడ్డం రాలేదు, నేను రైలెక్కడానికి మాత్రమే అడ్డం వచ్చింది. అది నాకు అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు. మాత్ర మింగి పడుకున్నాను.

పొద్దున్నకు జ్వరం తగ్గలేదు సరికదా, కీళ్ళన్నీ పట్టేశాయి. ఏడు గంటలకు పొన్నమ్మ వస్తే, జ్వరం, రాలేనని దేవకికి చెప్పమన్నాను. పొన్నమ్మ గంప దించలేదు.

"జ్వరం నీకా, ఇంట్లో ఎవురికన్నానా?"

"నాకే" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, పోయేటప్పుడు ఈ వీధినే పోతానని చెప్పి వెళ్ళింది. నమ్మిందో లేదో తెలీదు. నాకు నిజంగా జ్వరం వచ్చినా ఎవరూ నమ్మని స్థితికి వచ్చానని సిగ్గేసింది.

పిల్లలిద్దరికీ ఇడ్లీలు పెడుతుంటే ఆయన పేపరు కొనుక్కుని వచ్చాడు. దారిలో సుందరరాజులు కనిపించాడట. ఫ్యాక్టరీలో మా ఆయనకు పై ఆఫీసరు, రెండు వీధుల అవతల ఉంటాడు.

"ఎట్లాగూ నువ్వు ఇంట్లోనే ఉండావు గదా, భార్యను పిల్చుకోని మధ్యాన్నం అన్నానికి రమ్మని చెప్పొచ్చినా. పెద్దగా ఏం వద్దులే. సాంబారు, రెండు కూరలు, వడ, పాయసం చాలు."

ఆయన మొహంలో కపటం లేదు. రాత్రి మాత్రలు తెచ్చిన మొహమే అది. మా అత్త అప్పటికే వడకు పప్పు నానేస్తోంది. నేను ఇడ్లీ పాత్ర పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది, అది జ్వరం మంట కాదు.

అప్పుడు తీరిగ్గా ఆలోచించాను. కొండెక్కలేనన్నది నిజం. రైల్లో గంటసేపు కూర్చోగలనా? కిటికీకి ఆనుకుని కూర్చోవచ్చు, పక్కన పొన్నమ్మ ఉంటుంది. రోటి ముందు కూర్చోవడం కంటే అదేం కష్టం కాదు. దేవకి గదికి పోయి ఏం చేస్తాను? నాలుగు మాటలు మాట్లాడేలోగా నిద్ర ముంచుకొస్తుంది. జ్వరం మూట ఆమె నెత్తిన పెట్టడం న్యాయమా అని కూడా అనుకున్నాను. కానీ దేవకి నన్ను వంట చెయ్యమని పిలవలేదు. కొండకు తోడు రమ్మనీ పిలవలేదు. గడప దాటి లోపలికొస్తే చాలనుకుంటూ మూడుసార్లు కూర్చుంది. అక్కడ నేను పడుకుంటే ఉప్పెక్కడుందని లేపేవాళ్ళు లేరు. ఈ ఇంట్లో ఉంటే మధ్యాహ్నం నూనె మూకుడు ముందు నిలబడాలి. ఒళ్ళు బాగలేదని మానుకోవాల్సిందేదైనా ఉంటే అది ఆ వడలే.

మొహం కడుక్కుని, చీర మార్చుకుని, మిగిలిన మాత్ర కొంగుకు ముడేసుకున్నాను. తొమ్మిదిన్నరకు పొన్నమ్మ ఖాళీ గంపతో వాకిట్లోకి వచ్చింది. ఒక్క నిమిషం ఆగమన్నాను. మా అత్త నానిన పప్పు వడకడుతూ ఆగిపోయింది. ఆయన పేపరు దించాడు.

"ఏమే, జ్వరంతో కొండకు యాడ పోతావు?"

మొక్కు సంగతి మళ్ళీ నోటిదాకా వచ్చింది. మింగేసి, చెప్పులు వేసుకున్నాను.

"కొండకు కాదు, దేవకి ఇంటికి పోతుండాను. నాకు జ్వరం. యాడన్నా పోయి పడుకోవాల గదా."